ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి

సోమవారం

కొత్త సంవత్సరానికి ఆఫీసువాళ్లు ఇచ్చిన డైరీ ఇది. కిటికీ తలుపు కొట్టుకోకుండా ఇన్నాళ్లూ అడ్డం పెట్టుకున్నాను. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. పదకొండేళ్లుగా నేను రాసేదంతా యంత్రాల గురించే. మీట నొక్కండి, మూత తెరవండి, తడి చేత్తో ముట్టుకోకండి. సొంత సంగతి రాయాలంటే చెయ్యి తిరగడం లేదు. అయినా ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఈ వారం గడవదు.

మా కంపెనీ ఇస్త్రీ యంత్రం మీద ఒకావిడ చెయ్యి కాలింది. ఇంట్లో వాడే చిన్న పెట్టె కాదు. ఆస్పత్రుల్లో దుప్పట్లు నొక్కే యంత్రం, మంచమంత ఉంటుంది. ఆవిడ ఒక ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. కుడిచెయ్యి, వేళ్ల దగ్గర్నుంచి మణికట్టు దాకా. ఆ యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసింది నేను.

విచారణకి బయటినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పాపం జలుబు మనిషి, ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాపు బదులు ఒక తుమ్ము పెడతాడు. అందరికీ తలా ఒక ఫారం ఇచ్చాడు. ఇంగ్లీషు ఫారం. ప్రమాదానికి కారణం ఏమిటని చివర్లో ఒక ప్రశ్న, దాని కింద రెండు గళ్లు. మొదటి గడి పక్కన యంత్రం కాంప్లెక్స్ అని ఉంది. రెండో గడి పక్కన సూచనలు కన్ఫ్యూజింగ్ అని ఉంది. ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలట. వచ్చే శుక్రవారంలోగా ఇవ్వాలట.

మొదటి గడిలో ఎక్కువ టిక్కులు పడితే డిజైను విభాగం జవాబు చెప్పుకోవాలి. దానికి పెద్ద మా బావ, మా అక్క భర్త. రెండో గడిలో పడితే సూచనల విభాగం. ఆ విభాగంలో ఉన్నది నేనూ నా బల్లా. టిక్కులు ఎటు పడితే అటువాళ్లు ఇంటికి పోవాల్సిందేనని ఎవరూ పైకి అనలేదు. కానీ క్యాంటీన్లో ఇవాళ నా ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది.

మంగళవారం

ఆ రెండు మాటలూ పొద్దుట్నుంచీ బుర్ర తినేస్తున్నాయి. స్టోరు గుమాస్తా అయితే రెండూ ఒకటే కదా మేడమ్, రెండిటికీ అర్థం తలనొప్పే కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకటే అయితే రెండు గళ్లెందుకు?

నిఘంటువు తీశాను. కాంప్లెక్స్ అంటే సంక్లిష్టం అని ఇచ్చి చేతులు దులుపుకుంది. కన్ఫ్యూజింగ్ అంటే గందరగోళం అట. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. నా పద్ధతిలో నేనే చూసుకున్నాను. ఐదుపాయల జడ కాంప్లెక్స్. ఏ పాయ ఎక్కడికి పోతుందో దానికో లెక్క ఉంది, నిదానంగా చూస్తే తెలుస్తుంది. నిద్ర లేచేసరికి తలలో ఉన్న చిక్కు కన్ఫ్యూజింగ్. దాంట్లో వెతికినా లెక్క ఉండదు. చిన్నప్పుడు అక్క నాకు రెండూ తెలిసేలా జడలు వేసేది, చిక్కు తీసేటప్పుడు ఏడిపించేది.

ఇంకో తేడా కూడా ఉంది, ఇది మధ్యాహ్నం తట్టింది. కాంప్లెక్స్ అన్నది వస్తువులో ఉంటుంది. గదికి తాళం వేసి అందరం వెళ్లిపోయినా లోపల యంత్రం కాంప్లెక్స్‌గానే ఉంటుంది. కన్ఫ్యూజింగ్ అలా కాదు. తికమకపడటానికి ఒక మనిషి కావాలి. చదివేవాళ్లు లేకపోతే ప్రపంచంలో ఏ పుస్తకమూ కన్ఫ్యూజింగ్ కాదు. అంటే రెండో గడిలో టిక్కు పెట్టేవాళ్లు ఆ లాండ్రీ ఆవిడ తికమకపడిందని చెబుతున్నారన్నమాట. ఆవిణ్ని ఎవరైనా అడిగారా?

ఇదంతా బావకి చెప్పాలి. ఇలాంటివంటే బావకి సరదా. నా పెళ్లి పెటాకులై ఏం చెయ్యాలో తెలియకుండా కూర్చుంటే, మాటలు తూచి మాట్లాడతావు, ఇదే నీ ఉద్యోగం అని ఇక్కడ చేర్పించింది ఆయనే. మాట మధ్యలో ఆగి తూచుకుంటానని నాకు కామా అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడు ఆఫీసంతా అలాగే పిలుస్తుంది.

బుధవారం

బావ ఫోన్ ఎత్తలేదు. మీటింగులో ఉండి ఉంటాడు.

గురువారం

సంగతి సరిగ్గా రాసి పెట్టుకోవాలి, ఎవరైనా అడిగితే తడబడకుండా.

నేను మొదట రాసిన పుస్తకంలో ఏడు సూచనలున్నాయి. ఏడోది ఇది: ఎర్రదీపం ఆరాక నాలుగు నిమిషాలు ఆగండి, ఆవిరి మీటరు ముల్లు సున్నాకి వచ్చాకే మూత తెరవండి. దీపం ఆరితే కరెంటు పోయిందనే అర్థం, వేడి పోయిందని కాదు. లోపల ఆవిరి ఇంకా ఉంటుంది.

అచ్చుకి వెళ్లే ముందు బావ నా బల్ల దగ్గరికి వచ్చాడు. అట్టపెట్టె మీద ఆరే మెట్లు అని వేసుకోవాలని అమ్మకాలవాళ్లు గోల పెడుతున్నారన్నాడు. వేడి తగ్గేదాకా ఎవరు లాగినా మూత తెరుచుకోకుండా లాకు పెడుతున్నాం, ఇక ఏడోది దండగ అన్నాడు. నేను కాగితం అడిగాను. నవ్వి, ఒక చీటీ మీద రాసిచ్చాడు. లాకు వస్తోంది, ఏడో సూచన తీసెయ్యి అని, కింద సంతకం. ఆ చీటీ ఫైల్లో పెట్టుకున్నాను. ఏడోది కొట్టేసి, ఆరోదాని చివర దీపం ఆరాక మూత తెరవండి అని కలిపాను.

మా పద్ధతి ప్రకారం చదివింపు కూడా చేశాను. యంత్రం మొహం ఎప్పుడూ చూడని మనిషిని తీసుకొచ్చి, చేతికి పుస్తకం ఇచ్చి, మనం నోరు మూసుకుని గోడకి ఆనుకుని నిలబడాలి. వాళ్లు పైకి చదువుతూ యంత్రం నడపాలి. ఎక్కడ ఆగితే అక్కడ తప్పు మనది. క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడని పిలిచాను. ఆరు సూచనలూ చదివి, ఎక్కడా ఆగకుండా దుప్పటి నొక్కి, మడిచి నా చేతికిచ్చింది. అంత బాగా ఏ చదివింపూ సాగలేదు. ప్రదర్శన గదిలో యంత్రానికి లాకు ఉంది మరి.

బయటికి వెళ్లిన మొదటి నలభై యంత్రాలకీ లాకు లేదట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

సాయంత్రం అక్క వచ్చింది. చెప్పకుండా వచ్చింది, పళ్లు తెచ్చింది. బావకి నిద్ర పట్టడం లేదంది. అంతా ఇంట్లోవాళ్లమే కదా, ఇద్దరూ ఒకే మాట మీద ఉంటే మంచిదంది. ఇంటికి తెచ్చుకున్నావు కదా, ఆ ఫైలు ఆయన ఒకసారి చూసిస్తానన్నారు అంది. ఇచ్చాను. ఎందుకివ్వను? గుమ్మం దగ్గర నా జుట్టు సవరించి వెళ్లింది.

శుక్రవారం

ఫోన్ ఎత్తలేదు. మీటింగులోనే ఉన్నాడు.

ఆదివారం

ప్రతి ఆదివారం అక్కావాళ్లింట్లో భోజనం. ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి, ఎవరో చుట్టాలొస్తున్నారు, నీకు ఇబ్బంది అవుతుంది, వచ్చే వారం రమ్మంది. ఏ చుట్టాలు అని అడిగాను. బావ తరఫువాళ్లు అంది. వాళ్లు నాకూ తెలిసినవాళ్లే కదా అనబోయి ఊరుకున్నాను. పెద్ద ఇల్లేం కాదు, కుర్చీలు చాలవు కూడా. గుడ్లు ఉడకబెట్టుకుని తిన్నాను.

సోమవారం

బావ రెండో గడిలో టిక్కు పెట్టాడు.

నా కళ్లతో చూశాను. ఆఫీసరు పిలిచి, మీ మీద వచ్చినవి మీరు చూడాలి, అది నియమం అని కాగితాలు ముందు పెట్టాడు. పదకొండు ఫారాలు. తొమ్మిదింట్లో టిక్కు నా గడిలో ఉంది. బావ టిక్కు పెట్టి ఊరుకోలేదు, అరపేజీ రాశాడు. సూచనలు రాసినవారికి యాంత్రిక విషయాల్లో శిక్షణ లేదనీ, ముఖ్యమైన సూచనను సొంత నిర్ణయంతో తొలగించారనీ, మిగిలిన పుస్తకం కన్ఫ్యూజింగ్‌గా తయారైందనీ. సూచనలు రాసినవారు. పదకొండేళ్లు కామా అని పిలిచిన నోటికి నేను సూచనలు రాసినవారిని అయ్యాను.

చీటీ ఉందన్నాను. ఆఫీసరు నా ఫైలు నా ముందే తిరగేశాడు. డిజైను విభాగం నుంచి పొద్దున్నే అందిందట. అన్నీ ఉన్నాయి. పాత ప్రతి ఉంది, ఏడో సూచన మీద నా ఎర్రసిరా గీత ఉంది, నా పొట్టి సంతకం ఉంది. చీటీ లేదు. పిన్ను గుచ్చిన రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి. ఆఫీసరు కూడా ఆ చిల్లులు చూశాడు. చూసి, తుమ్మి, చిల్లులు సాక్ష్యం కావన్నాడు.

నమ్మించి గొంతు కోశాడు. ఇంతకంటే వేరే మాట దొరకడం లేదు. మాటలు తూచేదాన్నని పేరు, ఇవాళ తూచే ఓపిక లేదు. గొంతు కోశాడు.

మంగళవారం

మెట్ల దగ్గర కాపు కాసి బావని పట్టుకున్నాను. మొహం చాటేయడానికి దారి లేకపోయింది. ఎందుకు చేశావని అడిగాను. మెషీను నలభై చోట్లకి వెళ్లింది, నా డిజైను తప్పంటే మొత్తం వెనక్కి తేవాలి, కంపెనీయే ఉండదు అన్నాడు. పుస్తకం తప్పంటే కొత్త పుస్తకం పంపితే సరిపోతుందట. ఎంత తేలిగ్గా అన్నాడో.

చీటీ ఏం చేశావన్నాను. అప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఏ చీటీ? నువ్వు దాచావా దాన్ని? ఫైలు నేనసలు విప్పనే లేదు. మీ అక్క ఎలా తెచ్చిందో అలాగే పంపించాను."

బావ అబద్ధమాడేటప్పుడు కళ్లజోడు తీసి తుడుస్తాడు. తుడవలేదు.

అక్కడ్నుంచి తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాను. బట్టలు ఆరేస్తోంది. చుట్టాలు వెళ్లిపోయారా అని అడిగాను. ఎవరూ రాలేదని ఇద్దరికీ తెలుసు. అక్క చేతిలో పిల్లాడి చొక్కా అలాగే పట్టుకుని నిలబడింది.

"నేనే తీశాను. ఆయన అడగలేదు. చింపి పొయ్యిలో వేశాను."

"నేనేమైపోతాననుకున్నావక్కా?"

"నువ్వు ఒక్కదానివి. ఎక్కడైనా బతుకుతావు. మేం నలుగురం."

బతుకుతాను, నిజమే. ఆ మాటే మింగుడు పడటం లేదు. బావ చేసిందానికి కోపం వచ్చింది, తిట్టుకున్నాను, కొంత తగ్గింది. అక్క నా జుట్టు సవరించిన చెయ్యి గుర్తొచ్చి, లేచి వెళ్లి జడ విప్పేసుకున్నాను. అప్పటికే చీటీ తన సంచిలో ఉంది.

బుధవారం

నేను మొదటి గడిలో టిక్కు పెడతాను. యంత్రం కాంప్లెక్స్. వాళ్లు నన్ను ముంచితే నేను వాళ్లని ముంచకూడదా?

తర్వాత.

పెట్టలేదింకా. పెన్ను పట్టుకుంటే నా మంగళవారం లెక్క అడ్డం వస్తోంది. ఆ యంత్రం కాంప్లెక్స్ కాదు. దుప్పటి పరుస్తారు, మూత వేస్తారు, మూత తీస్తారు. చిన్నపిల్లలకి చెప్పినా తెలుస్తుంది.

అయినా రేపు ఆస్పత్రికి వెళ్లి ఆవిణ్ని కలుస్తాను. పుస్తకం తికమకగా లేదని ఆవిడ నోటితో అంటే చాలు, అది రాయించుకుని ఆఫీసరు బల్ల మీద పెడతాను. అప్పుడు బావ మొహం చూడాలి.

గురువారం

ఆవిడ వార్డులో చివరి మంచం మీద ఉంది. నలభై దాటి ఉంటాయి, నా ఈడే. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో గ్లాసు ఎత్తడం నేర్చుకుంటోంది, సగం నీళ్లు పక్కమీదే. కంపెనీ నుంచి వచ్చానంటే, లేచి కూర్చోడానికి అవస్థ పడింది. పడుకోమన్నా వినలేదు.

పుస్తకం ఎక్కడైనా అర్థం కాలేదా అని అడిగాను. కాగితం, పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాను.

"అర్థం కాకపోవడమేం లేదండీ. అంత నీటుగా ఎవరూ చెప్పరు. మా సూపర్‌వైజరు చెబితే సగం కసుర్లే కదా. మీ పుస్తకం నాలుగుసార్లు చదువుకున్నాను, మొత్తం నోటికి వచ్చేసింది. దీపం ఆరాక మూత తెరవండి అని ఉంది. ఆరింది. తెరిచాను."

నేను రాసుకుంటున్నాను. అనుకున్నదంతా అంది, ఒక్క ముక్క కూడా తక్కువ లేకుండా. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"నేనే ఏమైనా తప్పు చదివానా అండీ? మావాళ్లందరూ అదే అంటున్నారు. సరిగ్గా చదవడం రాకపోతే మెషీను దగ్గరికెందుకు పోయావని మా ఆయన కూడా అన్నాడు. ఆ పుస్తకం ఉంటే ఒకసారి చూపిస్తారా, మళ్లీ చదువుతాను."

నా సంచిలో పుస్తకం ఉంది. లేదన్నాను. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు ఇంకోటి రాయాలి. నాకెవరూ చెప్పలేదని పోయిన గురువారం రాశాను. అది అబద్ధం. యంత్రాలు లారీ ఎక్కుతున్న రోజున, లాకులు రాలేదు మేడమ్, అలాగే పంపేస్తున్నారు అని స్టోరు గుమాస్తా లిఫ్టు దగ్గర అన్నాడు. నేను బావకి చెప్పాను. బావ, నేను చూసుకుంటాను, నువ్వు నీ పని చూసుకో అన్నాడు. సరే అన్నాను. ఆ సరే అన్న తర్వాత నాకు ఎంత హాయిగా అనిపించిందో కూడా గుర్తుంది. లాకు లేని యంత్రంతో మళ్లీ చదివింపు పెడితే ఏడో సూచన లేని పుస్తకం తప్పని బయటపడుతుందని నాకు తెలుసు. పెట్టలేదు. బావ మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా అంటారని. నా డైరీలో నాతోనే అబద్ధమాడాను, ఇంక బావని ఏమనాలి?

శుక్రవారం

ఫారం ఇచ్చేశాను. ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఒకటైనా ఉండాలి, లేకపోతే ఫారం చెల్లదని ఆఫీసరు అన్నాడు. రెండూ నిజం కావండీ అన్నాను. యంత్రం కాంప్లెక్స్ కాదు, పుస్తకం కన్ఫ్యూజింగ్ కాదు. చదివిన మనిషి తికమకపడలేదు. ఉన్నది ఉన్నట్టు చదివి, చెప్పింది చెప్పినట్టు చేసింది.

కింద ఖాళీ జాగాలో ఇలా రాశాను. పుస్తకం స్పష్టంగా ఉంది, తప్పుగా ఉంది. ఏడో సూచన తీసెయ్యమన్నది డిజైను విభాగం పెద్ద. తీసింది నేను. లాకులు లేకుండా యంత్రాలు వెళ్లాయని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఊరుకున్నాం. మిగిలిన ముప్పైతొమ్మిది యంత్రాలూ ఇవాళే ఆపించండి. కింద పొట్టి సంతకం కాదు, పూర్తిగా చేశాను. ఆఫీసరు రెండుసార్లు చదివి, ఇది రాస్తే మీ ఉద్యోగం కూడా పోతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఫోన్ తీసి ఎవరితోనో యంత్రాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక్కసారి కూడా తుమ్మలేదు.

మధ్యాహ్నానికే అక్క ఫోన్.

"ఆ లాండ్రీ మనిషి నీకేమవుతుంది? నేను నీకు తోడబుట్టినదాన్ని."

"ఏమీ కాదు. నేను రాసింది చదివింది, అంతే" అన్నాను. ఇక మా గుమ్మం తొక్కకు అంది. తొక్కను. ఆదివారం భోజనం మాత్రం గుర్తొస్తుంది, అది దాచుకోవడమెందుకు.

శనివారం

పుస్తకం తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడ ఒళ్లో పెట్టి, పేజీ తిప్పి పట్టుకున్నాను. పైకి చదివింది, చదివింపులో చదివినట్టే, ఒక్క మాట కూడా జారిపోకుండా. ఆరో సూచన దగ్గర ఆగి నా మొహం చూసింది.

"మీరు తప్పు చదవలేదు. దీని తర్వాత ఇంకో సూచన ఉండాలి. నాలుగు నిమిషాలు ఆగమని. తీసేసింది నేను. మీ ఆయనకీ, మీ సూపర్‌వైజరుకీ కూడా నేనే చెబుతాను."

"అచ్చులో పోయిందా అండీ?"

"కాదు. మీ దగ్గరికి మెషీను వచ్చేసరికి అది ఉండాలని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎడమచేత్తో పుస్తకం మూసింది. అట్ట మీద మరక అంటిందేమోనని అదే చేత్తో తుడిచింది కూడా. పుస్తకం నా చేతికి తిరిగిచ్చి అంది.

"మరి అంత బాగా ఎందుకు రాశారండీ? కాస్త తికమకగా ఉండి ఉంటే భయపడి ఎవర్నో ఒకర్ని అడిగేదాన్ని."

నర్సు వచ్చి కట్టు మార్చాలి, బయటికి వెళ్లమంది. వచ్చేశాను.